నీలి నీళ్ల వెనక కథ

సినిమాలో స్విమ్మింగ్ పూల్ కనిపిస్తే మన చూపు ఎక్కడ ఉంటుందో వేరే చెప్పాలా? 1973లో ‘బాబీ’ వచ్చినప్పుడు కుర్రకారంతా డింపుల్ కపాడియాను చూశారు గానీ, ఆ కొలనులో నీళ్లను ఎవరు చూశారు? నేను మాత్రం ఈ వేసవిలో నెల రోజులపాటు నీళ్లనే చూశాను. కారణం మా బావ!

నేరేడుచర్ల పక్కన పొలంలో ఇల్లు కట్టుకున్న బావ, వెనకాల చిన్న కొలను కూడా కట్టించాడు. షోకు కోసం కాదండోయ్! సాగర్ ఎడమ కాలువంటే మా అక్కకు భయం. “పిల్లలు ఈత నేర్వాలె. కానీ కాల్వల దిగుడు మాత్రం వద్దు” అని పట్టుబట్టింది. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మీటరుంబావు లోతు. అంటే 40 వేల లీటర్లు. బోరు నీళ్లతో నింపారు. మరి వాటిని శుభ్రంగా ఉంచేదెలా?

మిషన్లు అమ్మే ఒకాయన వచ్చి, “ఉప్పు మిషన్ పెట్టండి, ఇక క్లోరిన్‌తో పనే లేదు” అన్నాడు. తీరా చదివి చూస్తే, ఆ మిషన్ కరెంటుతో ఉప్పునీటి నుంచి తయారుచేసేది క్లోరిన్‌నే! లీటరుకు మూడు నాలుగు గ్రాముల ఉప్పు కావాలి. మా కొలనుకు సుమారు 140 కిలోలు! రోజూ మందు కలిపే బాధ తప్పుతుంది, నిజమే. కానీ బోరు నీళ్లు కఠినమైనవైతే మిషన్ పలకల మీద సున్నం పేరుకుంటుంది.

పోనీ ఓజోన్, అల్ట్రావయొలెట్? అవి మిషన్ గుండా పోయే నీటిలోని క్రిముల్నే చంపుతాయి. తర్వాత కొలనులో దిగిన పిల్లవాడి ఒంటి నుంచి వచ్చే క్రిములకు కాపలా ఎవరు? కొంచెం క్లోరిన్ ఉండాల్సిందే.

అక్క నవ్వింది. “ఏ తొవ్వ పట్టినా క్లోరిన్ కాడికే వస్తున్నం గదరా తమ్ముడూ!”

అసలు కిటుకు మిషన్‌లో లేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను రాత్రికి రాత్రి పచ్చబడింది, గుర్తుందా? క్లోరిన్ ఉన్న నీళ్లలో ఎవరో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు. క్లోరిన్ కాస్తా విరిగిపోయింది! అక్కడ డబ్బుకు కొదవా, మిషన్లకు కొదవా?

అందుకే మేం మామూలు క్లోరిన్, మంచి ఫిల్టరు, ఒక పరీక్ష పెట్టె తీసుకున్నాం. లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. పీహెచ్ 7.2, 7.8 మధ్య ఉండాలి. అది పెరిగితే క్లోరిన్ జోరు తగ్గుతుంది. ఎండ క్లోరిన్‌ను తినేస్తుంది గనుక మందు కలిపేది సాయంత్రమే. పీహెచ్ తగ్గించే యాసిడ్, క్లోరిన్ పౌడరు ఎన్నడూ కలవకూడదు. కలిస్తే విషవాయువే! రెండూ వేర్వేరు చోట్ల, తాళం వేసి ఉంచాం.

ఇంకో సంగతి. ఘాటు వాసనొచ్చి కళ్లు మండితే క్లోరిన్ ఎక్కువైందనుకుంటాం. చాలాసార్లు అది చెమటతో, మూత్రంతో కలిసిన క్లోరిన్ మహిమ! కాబట్టి స్నానం చేశాకే దిగాలి.

ఇప్పుడు అక్క దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. పొద్దున, సాయంత్రం లెక్క రాస్తుంది. అడుగు స్పష్టంగా కనబడకపోయినా, గట్టు మీద పెద్దవాళ్లు లేకపోయినా ఆ రోజు ఈత బంద్. “కాల్వకైతే నేను కావలి ఉండలేను. దీనికి ఉంటా” అంటుంది అక్క.