మొటిమా? పుట్టుమచ్చా?

"మెంటరట! నాకు మాత్రం మెంటరుకీ మెంటలుకీ పెద్ద తేడా కనిపించడం లేదు" అన్నారు మావారు, పేపరు మడిచి బల్లమీద పడేస్తూ.

ఆయన విసుగులో న్యాయం లేకపోలేదు. ఆదివారం భోంచేసి, వరండాలో పడక్కుర్చీ వాల్చుకుని ఓ కునుకు తియ్యడం ఆయనకి నలభై ఏళ్ళ అలవాటు. ఇప్పుడా వరండాని నేనూ, నా శిష్యులూ ఆక్రమించేశాం. ఎంతమందో అనుకునేరు, ముగ్గురే. మా వీధి చివరింటి అమ్మాయి ఒకతె. డిగ్రీ అవగానే ఉద్యోగం వెతుక్కోకుండా, అప్పుచేసి కెమెరా కొనుక్కుంది. పెళ్ళిళ్ళలో లైట్లు మోసి మోసి, సొంతంగా స్టూడియో పెట్టుకోవాలని ఉబలాటపడుతున్న అబ్బాయి ఒకడు. మూడో ఆవిడ ఇద్దరు పిల్లల తల్లి. ఇంట్లోనే ముందుగదిలో తెర కట్టి చంటిపిల్లల ఫోటోలు తీస్తుంది. ఈ ముగ్గురూ కలిసి నాకు తగిలించిన బిరుదే ఈ "మెంటరు".

నిజం చెప్పొద్దూ, కెమెరా సంగతి వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. ఆ అమ్మాయి కెమెరాకున్న మీటల్లో సగం ఎందుకున్నాయో నాకు తెలీదు. వాళ్ళు నా దగ్గరికొచ్చేది వేరే వాటికోసం. మనిషిని కుర్చీలో కూచోబెట్టే ముందు ఏం మాట్లాడాలి, కూచోబెట్టాక ఏం చూడాలి, తీశాక ఎంత పుచ్చుకోవాలి! ఈ మూడూ నేర్పే మీట ఏ కంపెనీవాడూ ఇంకా కనిపెట్టలేదు.

నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో. నాన్నగారికి ఫోటో స్టూడియో ఉండేది. వెనకాల తెరమీద మెట్లూ, స్తంభమూ, సరస్సూ. పక్కన అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. కొక్కేనికి ఒక నల్లకోటు. ఆ కోటు మా ఊరి పెళ్ళికొడుకులందరికీ ఉమ్మడి ఆస్తి. లావుపాటివాడికి బొత్తాలు పెట్టేవాళ్ళం కాదు, బక్కవాడికి వెనకాల పిన్నులు గుచ్చేవాళ్ళం. ఇప్పటికీ ఏ ఇంటికెళ్ళినా పాత పెళ్ళిఫోటోలో ఆ కోటు కనబడితే నాకు పుట్టింటి మనిషి ఎదురైనట్టుంటుంది!

బి.ఏ. చదువుతూనే డార్క్‌రూములో ఎర్రబల్బు కింద ప్రింట్లు కడగడం, హైపో వాసన చీరలకి పట్టించుకోవడం అలవాటైపోయాయి. అన్నిటికన్నా నాకు బాగా అబ్బింది టచప్. నెగెటివ్‌ని ఏటవాలు చట్రంలో పెట్టి, కిందనుంచి వెలుతురు వచ్చేట్టు చేసి, గరుకు కాగితంమీద సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు చుక్కలుగా గియ్యాలి. నెగెటివ్ మీద నలుపు పెరిగిన చోట ప్రింటులో తెలుపు పెరుగుతుంది. కళ్ళకింద గుంటలు, స్ఫోటకం మచ్చలు, నుదుటి ముడతలు అన్నీ అలా మాయమైపోయేవి. "నీ చేతిలో ఏదో ఉందే అమ్మాయ్" అని జనం అంటుంటే నేల మీద నడిచేదాన్ని కాదు.

ఇక ఈమధ్య ఒక ఆదివారం సంగతి. మిగతా ఇద్దరూ ఇంకా రాలేదు. అమ్మాయి వచ్చి, చెప్పులు విడుస్తూనే, "మామ్మగారూ, ఒక చిక్కొచ్చిపడింది" అంది.

చిక్కేమిటంటే, ఒకావిడ తన కూతురికి సంబంధాలు చూస్తోంది. పిల్ల ఫోటోలూ, ఇంటిల్లిపాది ఫోటోలూ కలిపి ఆరువేలకి బేరం. ఒకటే షరతు: పిల్లని "కాస్త తెల్లగా" చెయ్యాలి.

"ఎంతసేపు మామ్మగారూ, వేలితో ఒక్కసారి ఇలా జరిపితే చాలు. నేను కాదంటే పక్కషాపువాళ్ళు చేసిపెడతారు. అయిదో తారీకున బ్యాంకువాళ్ళ వాయిదా ఉంది. మీరైతే ఏం చేస్తారు?"

నేనైతే ఏం చేస్తానో ఊహించుకోనక్కర్లేదు. నేను చేసేశాను, 1978లో. ఎవరికీ చెప్పని ఆ సంగతి ఆరోజు ఆ పిల్లకి చెప్పాను.

నాన్నగారు పనిమీద కాకినాడ వెళ్ళారు. తల్లీ కూతురూ వచ్చారు. పిల్ల చామనఛాయ. పెద్ద కళ్ళు, గడ్డం పక్కన పుట్టుమచ్చ. తల్లి నన్ను చాటుకి పిలిచి, "కాస్త రంగు తేల్చమ్మా, నీకు పుణ్యముంటుంది" అంది. నాకు పుణ్యంకంటే పనితనం చూపించుకోవాలన్న దుగ్ధ ఎక్కువ. పౌడరు దట్టించాను. ఎదురుగా దీపాలు పెంచాను. రెండు రాత్రులు కూచుని నెగెటివ్ మీద పెన్సిలు పెట్టాను. పుట్టుమచ్చ కూడా తీసిపారేశాను. ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, ఎవర్నీ అడక్కుండా పెద్దసైజు ప్రింటు వేసి షోకేసులో పెట్టేశాను.

పెళ్ళివారు ఫోటో చూసి ముచ్చటపడి వచ్చారట. వచ్చాక పెళ్ళికొడుకు మేనత్త సంచీలోంచి ఫోటో తీసి, పిల్ల మొహం పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, "ఈ అమ్మాయి లోపలుందా?" అని అడిగిందట, అందరి ముందూ.

ఈ సంగతి నాకు చెప్పింది ఆ పిల్లే. తమ్ముణ్ణి తోడు తెచ్చుకుని స్టూడియోకి వచ్చింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. ఏమీ లేదు. షోకేసుకేసి చూసి, "అది తీసెయ్యండి" అంది. తరవాత కాస్త ఆగి, "నా రంగు మీకూ బాగోలేదాండీ?" అని అడిగింది.

నాన్నగారు లోపల్నించి అంతా విన్నారు. నన్నొక్క మాట అనలేదు. తనే వెళ్ళి షోకేసులోంచి ఫోటో తీశారు. డబ్బు వెనక్కిచ్చి, కుర్చీని కిటికీవైపు తిప్పి, "కూచో అమ్మా, ఈసారి నేను తీస్తాను" అన్నారు. ఆ పిల్ల డబ్బు తీసుకుంది. కుర్చీలో మాత్రం కూచోలేదు. ఆ నెగెటివ్ ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. పారెయ్యడానికి చెయ్యి రాదు, చూడ్డానికి మనసొప్పదు.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే మానేస్తాను మామ్మగారూ. కానీ వాయిదా?" అంది.

ఇదిగో, ఇక్కడే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. నీతి చెప్పి, కాఫీ ఇచ్చి పంపించెయ్యడం నాకు తేలికే. వాయిదా కట్టాల్సింది ఆ పిల్ల కదా! "నోటుపుస్తకం తియ్యి" అన్నాను.

నెలకి సుమారు ఆరు బేరాలు. మనిషికి పదిహేనువందలు పుచ్చుకుంటుంది. మొత్తం తొమ్మిదివేలు. ప్రింట్లకీ, చిన్న ఆల్బముకీ ఒక్కొక్కరికి అయిదువందల చొప్పున మూడువేలు పోయాయి. బ్యాంకు వాయిదా నాలుగువేల రెండువందలు. పెట్రోలూ, కరెంటూ తొమ్మిదివందలు. మిగిలింది? తొమ్మిదివందలు! నెలంతా కష్టపడితే!

"అలా ఎలా? ఒక్కో బేరానికి గంటేగా పని!" అంది అమాయకంగా.

"గంటా? ఫోనులో మాట్లాడింది ఎంతసేపు? వెళ్ళి రావడం ఎంత? వందల ఫోటోల్లోంచి ఇరవై ఏరడం ఎంత? వాటిని సరిచేసేందుకు రాత్రి ఎన్నింటిదాకా మేలుకున్నావు?" లెక్కవేస్తే ఒక్కోదానికి తొమ్మిది గంటలు తేలింది.

మన ఆడవాళ్ళ జబ్బే ఇది సుమండీ! ఊరగాయ పెట్టి అమ్మినా, జాకెట్లు కుట్టినా, కాయల ధర, దారం ధర వేసుకుంటాం గానీ మన గంటలు లెక్కలోకి రానివ్వం. పైగా "తెలిసినవాళ్ళే కదా" అని ఇంకో యాభై తగ్గిస్తాం. చాలీచాలని ధర వేసుకున్నవాళ్ళకి "నేనిలా చెయ్యను" అనే మాట నోట్లోంచి రాదు. ప్రతి బేరమూ ప్రాణాధారమైపోతుంది మరి. నాన్నగారు ఆరోజు డబ్బు వెనక్కివ్వగలిగారంటే, గల్లాపెట్టెలో అది ఉండబట్టే కదా!

ఈలోగా మిగతా ఇద్దరూ వచ్చారు. నలుగురం కలిసి ఒక కాగితం రాశాం. ఇకనుంచి కెమెరా పైకి తియ్యకముందే ఆ కాగితం వచ్చినవాళ్ళ చేతికివ్వాలి. పదిరోజుల్లో పోయేదాన్ని తుడిచేస్తాం, అంటే మొటిమ, దోమకాటు, నిద్రలేని కళ్ళకింద నీడ. మనిషితో ఉండేదాన్ని ముట్టుకోం, అంటే పుట్టుమచ్చ, గాటు, ఒంటిరంగు. పుట్టుమచ్చ వద్దని స్వయంగా ఆ మనిషే అడిగితే మాత్రం ఆలోచిస్తాం. పక్కవాళ్ళు అడిగితే కాదు. అడక్కుండా ఎవరి ఫోటోనీ షోకేసులో గానీ, ఫోన్లో నలుగురికి కనబడేట్టు గానీ పెట్టం.

"నేను తీసిన ఫోటో నేను పెట్టుకోకూడదా మేడమ్?" అన్నాడు అబ్బాయి. వాడికి 1957 నాటి మన కాపీరైటు చట్టం సంగతి చెప్పాను. వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్ళదే. వాడు మొహం ముడుచుకున్నాడు. చట్టం మాట అలా ఉంచి, రాజా దీన్ దయాళ్ సంగతి చెప్పాను. ఆరో నిజాంకి ఆస్థాన ఛాయాగ్రాహకుడాయన. ఘోషా స్త్రీలు పరాయి మగవాడి ముందు కూచోరు కదా! అందుకని 1892లో హైదరాబాదులో వాళ్ళకోసమే జనానా స్టూడియో పెట్టి, ఒక ఇంగ్లీషు ఆవిడ చేతికి అప్పగించాడు. అంత పేరున్నవాడు, "నేనే తీస్తాను, రండి" అనలేదు. ఎదుటివాళ్ళ బిడియాన్ని గౌరవించాడు. ఆ గౌరవంలోనే వ్యాపారమూ ఉంది.

ఫోటోలు కూడా మారాలి కదా! ఫోన్లో చూసిన భంగిమలే అందరిచేతా పెట్టిస్తే అది మా ఉమ్మడి కోటుతో సమానం. అందుకని ముగ్గురికీ ఒక పని పెట్టాను. నెలకో మనిషిని, డబ్బు పుచ్చుకోకుండా, కిటికీ వెలుతుర్లోనే తియ్యాలి. ముందు పావుగంట కబుర్లు చెప్పాలి. తీశాక ప్రింటు వాళ్ళ చేతికివ్వాలి. చంటిపిల్లల ఫోటోలావిడ వాళ్ళ అత్తగారిని తీసింది. "నేనేం బాగుంటానే, పిల్లల్ని తియ్యి" అంటూనే ఆవిడ కొంగు సర్దుకుంటూ కూచున్నారట. చేతులు ఖాళీగా ఉంటే ఇబ్బంది పడుతున్నారని గోరుచిక్కుళ్ళ చేట ఇచ్చింది కోడలు. ఆ ఈనెలు తీస్తూ, ఏదో గుర్తొచ్చి నవ్వుతున్న అత్తగారి ఫోటో చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. మీ ఇంటి ఆల్బముల్లో ఒకసారి వెతుక్కోండి. అందరూ ఉంటారు, మీ అమ్మ మాత్రం ఏ మూలో సగం కనబడుతుంది.

అమ్మాయి బేరం ఏమైందంటారా? పోయింది. కాగితం చదివి ఆ తల్లి, "ఇన్ని రూల్సయితే ఎలాగమ్మా?" అని వెళ్ళిపోయింది. ఆ నెల వాయిదాకి నేనే చేబదులిచ్చాను. ఆ తరవాత పిల్ల ధర మూడువేలు చేసింది. మొదటి నెల ఇద్దరే వచ్చారు. మా వీధిలో నన్నే అన్నారు, "పిల్ల పొట్ట కొట్టావు" అని. రాత్రిళ్ళు నాకూ నిద్రపట్టలేదు. మూడో నెలకి నలుగురు వచ్చారు. పన్నెండువేలు. అందులో ప్రింట్లకి రెండువేలు, వాయిదా, ఆరువందల పెట్రోలూ కరెంటూ పోను అయిదువేల రెండువందలు మిగిలాయి. చేబదులు తీర్చడం మొదలుపెట్టింది కూడాను.

విలువలు పాటిస్తే లక్షలొస్తాయని నేను వాళ్ళకి చెప్పను. అది అబద్ధం. కడుపు నింపేది లెక్కే. విలువల వల్ల ఆ తిన్నది అరుగుతుంది. నాకు 1978లో తిన్న ముద్ద ఒకటి ఇంకా అరగలేదు.

పోయిన ఆదివారం మావారు కునుకు మానుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలోకి వచ్చారు. పెన్షనర్ల సంఘం కార్డుకి ఫోటో కావాలట. కుర్చీలో కూచుని, నాకు వినబడకూడదనుకుంటూ, "చూడమ్మా, నడినెత్తిన కాస్త జుట్టు ఉన్నట్టు చేస్తావూ?" అన్నారు.

అమ్మాయి నాకేసి చూడనైనా లేదు. కాగితం తీసి ఆయన చేతిలో పెట్టి, "చదవండి తాతగారూ. బట్టతల పదిరోజుల్లో పోయేది కాదు" అంది.

ఆయన కాగితం ఒకటికి రెండుసార్లు చదివి, "మెంటర్లందరూ ఒక్కలాగే ఉంటారు" అని గొణుక్కుంటూ కిటికీవైపు తిరిగి కూచున్నారు.