తాళం మీద ఒక చీటీ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. కవితలు రాసేవాళ్లు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు కాబట్టి మాకు తెలిసిన పని గురించే రాస్తున్నాం. మేమంటే ముగ్గురం. ఒకరిది ప్రొద్దుటూరు, ఒకరిది జమ్మలమడుగు దగ్గర పల్లె, ఒకరిది పులివెందుల దగ్గర పల్లె. ఒకరి నాన్న పత్తి మిల్లులో హమాలీ, ఒకరి నాన్న నాపరాళ్ల గనిలో కూలి, ఒకరి అమ్మ శెనక్కాయ చేలల్లో కూలి. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు మాకు ఇరవై మూడేళ్లు, ఎం.సి.ఏ. చదువుతున్నాం.

మేం ఇంటర్లో చేరేటప్పుడు ఆదాయ సర్టిఫికెట్టు కోసం పులివెందుల అమ్మ ఒక ఆఫీసుకు వరుసగా మూడు రోజులు తిరిగింది. పోయిన ప్రతిసారీ గదికి తాళమే. అడిగితే "రేపు రాపో" అన్నారు. నాలుగో రోజు అటెండరు, "సారు వారం లీవులో ఉన్నాడమ్మా" అన్నాడు. "ఆ ముక్క చీటీ మీద రాసి తలుపుకు అంటించింటే నాలుగు దినాల కూలి మిగిలేది కద నాయనా" అంది అమ్మ. ఆ మాట మేం మరిచిపోలేదు.

మొన్న చివరి సెమిస్టరు ప్రాజెక్టుల జాబితాలో ఒక పని కనిపించింది. క్యాంపస్ మెయిల్ సర్వర్లో ఎవరైనా సెలవు మీద పోతే, వాళ్లకు వచ్చిన మెయిల్‌కు దానంతట అదే జవాబు పోయేలా చేయాలి. ఇంకేమీ ఆలోచించకుండా ముగ్గురం పేర్లిచ్చాం. అది అమ్మ అడిగిన చీటీయే కదా!

ఇదేమీ కొత్త విద్య కాదు. అమెరికాలోని బర్క్‌లీలో ఎరిక్ ఆల్మన్ అనే ఆయన 'వెకేషన్' అనే ప్రోగ్రాం 1980లలోనే రాశాడు. కానీ దానికి ఎవరికి వాళ్లు సర్వర్లోకి పోయి ఒక ఫైలు రాసుకోవాలి. మా మేడమ్‌లు, సార్లు, గుమాస్తాలు ఆ పని చేస్తారా? అందుకని డైరెక్టరీని పట్టుకున్నాం.

డైరెక్టరీ అంటే ఏమిటో హాస్టల్ పిల్లలకు సులభంగా చెప్పవచ్చు. వార్డెన్ గారి దగ్గర అడ్మిషన్ రిజిస్టరు ఒకటుంటుంది. మెస్సు లెక్క, దుప్పట్ల జాబితా, కాస్మెటిక్ ఛార్జీలు, అన్నిటికీ మూలం ఆ రిజిస్టరే. ఎల్‌డాప్ అనే పద్ధతిలో నడిచే డైరెక్టరీ కూడా అంతే. దీని మొదటి ప్రమాణం 1993లో వచ్చింది. పేరు, మెయిల్ చిరునామా, పాస్‌వర్డు అన్నీ ఒకే చోట ఉంటాయి. మెయిల్ సర్వరు వచ్చి అందులో చూసుకుంటుంది. అయితే మామూలు రిజిస్టరులో సెలవు రాసే గడి ఉండదు. ఇష్టమొచ్చినట్టు గీస్తే డైరెక్టరీ ఒప్పుకోదు. ముందు స్కీమాలో ఆ గడి ఫలానాదని చెప్పాలి. అలా నాలుగు గడులు చేర్చాం: సెలవు ఉందా లేదా, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా, ఏమని చెప్పాలి. ఒక చిన్న ఫారం నింపితే చాలు, అవి డైరెక్టరీలోకి పోతాయి. చివరి తేదీ దాటగానే జవాబులు వాటంతట అవే ఆగిపోతాయి.

జవాబు పంపే ప్రోగ్రాం కూడా మేమే రాద్దామని తెలివికి పోయాం. పరీక్ష కోసం మా ఇద్దరి ఖాతాలను సెలవులో పెట్టి, ఒకదాని నుంచి రెండోదానికి ఒక్క మెయిల్ పంపి పడుకున్నాం. తెల్లవారి చూస్తే వేల మెయిళ్లు! "నేను ఊళ్లో లేను" అని ఇదంటే, "నేనూ ఊళ్లో లేను" అని అది. రాత్రంతా చెప్పుకొని ల్యాబు సర్వరు డిస్కు నింపేశాయి. సారు పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయడం లేదు.

ఇలాంటి తగాదా రాకుండా పెద్దలు 2004లోనే ఆర్.ఎఫ్.సి. 3834 అని నియమాలు రాసిపెట్టారు. మేం చదవలేదు, అంతే. ఆటోమేటిక్‌గా వచ్చిన మెయిల్‌కు ఆటోమేటిక్‌గా జవాబు ఇవ్వకూడదు. మనం పంపే జవాబు మీద ఇది మనిషి రాసింది కాదని గుర్తు వేయాలి. తర్వాత మా ప్రోగ్రాం పక్కన పడేసి, సీవ్ అనే భాషలోని వెకేషన్ సౌకర్యం వాడాం. దాని ప్రమాణం 2008లో వచ్చింది. ఒకే మనిషి పదిసార్లు రాసినా, మనం వేరే గడువు చెప్పకపోతే, ఏడు రోజులకు ఒక్కసారే జవాబు పోతుంది. టు, సీసీలలో మన చిరునామా లేని మెయిల్‌కు పలకదు.

కంప్యూటరు పని అయ్యాక అసలు పని మిగిలింది. ఏమని రాయాలి? చాలామంది "నేను సెలవులో ఉన్నాను" అని మాత్రమే రాశారు. అది తాళం చూపించడమే. ఎప్పుడు వస్తారు, అంతదాకా ఎవరిని కలవాలి అన్నది కూడా ఉంటేనే అది చీటీ. అందుకే ఫారంలో తిరిగి వచ్చే తేదీ, బదులు చూసేవారి పేరు లేకుంటే ముందుకు పోకుండా చేశాం. "ఇంత పట్టుదల ఎందుకయ్యా?" అని కొందరు విసుక్కున్నారు. మేం నాలుగు దినాల కూలి సంగతి చెప్పాం. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

మొన్నటి సెలవుల్లో జూనియర్ ఒకడు బోనఫైడ్ సర్టిఫికెట్టు కోసం రాత్రి మెయిల్ పెట్టాడట. గుమాస్తా గారు సెలవు. పక్క సెక్షన్‌లో ఎవరిని కలవాలో నిమిషంలో జవాబు వచ్చింది. పొద్దున్నే పోయి తెచ్చుకున్నాడు. వాడికి మేమెవరమో తెలియదు.

ఈ సంగతి అమ్మకు ఫోన్లో చెప్పాం. "మనిషి లేకున్నా జవాబు చెప్తాదా?" అని అడిగింది. చెప్తుందన్నాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెప్పల్ల మరి. దూరం నుంచి వచ్చింటారు గదా" అంది.

తమ్ముళ్లారా, రేపు మీరూ ఉద్యోగాల్లో కుర్చీల్లో కూర్చుంటారు. అవతల మన అమ్మలాంటి వాళ్లే వచ్చి నిలబడతారు. సెలవు పెట్టుకోండి, తప్పులేదు. పోయే ముందు చీటీ అంటించి పోండి.

ఇట్లు,
మీ ముగ్గురు అన్నలు