ఉతైలో అలను తిప్పే మోటారు

ఉతై నుంచి సముద్రం చాలా దూరం. దుర్గ్‌లో రైలెక్కితే విశాఖపట్నానికి 550 కిలోమీటర్లకు పైమాటే. 2024 సెప్టెంబర్‌లో వందేభారత్ మొదలయ్యాక కూడా ఎనిమిది గంటలు కూర్చోవలసిందే. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి చేరువలో, సీఐఎస్ఎఫ్ శిక్షణ కేంద్రం వల్ల తప్ప బయటివారికి పెద్దగా తెలియని ఈ ఊళ్లో పగడపు దిబ్బ ముచ్చట విడ్డూరంగానే ఉంటుంది. కానీ గాజు తొట్టెలో సముద్రాన్ని పెంచాలన్న పిచ్చి పట్టినవారికి దూరం లెక్కలోకి రాదు. ఉప్పు ప్యాకెట్లో వస్తుంది. లీటరు శుద్ధమైన నీటికి దాదాపు 35 గ్రాములు, 200 లీటర్ల తొట్టెకు ఏడు కిలోలు. అంతటితో సముద్రం రుచి వచ్చేస్తుంది. రానిది దాని ఊగిసలాట.

పగడం రాయిలా కనిపించే జంతువు. స్థిరపడిన చోటు వదిలి కదల్లేదు. తిండి, ఆక్సిజన్ దాని దగ్గరికే రావాలి, మలినాలను నీరే మోసుకుపోవాలి. నీరు మందకొడిగా ఉంటే పగడం ఒంటిని పలచటి నిశ్చలమైన పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ పొర వల్ల రాకపోకలు రెండూ కుంటుపడతాయి. అసలు సముద్రంలో ఆ ఇబ్బంది తక్కువ. అల వస్తుంది, పోతుంది, కొన్ని క్షణాల్లో మళ్లీ వస్తుంది. తొట్టెలో పంపు అలా కాదు. రాత్రింబవళ్లు ఒకే వైపు నీటిని కొడుతుంది. ఎదురుగా ఉన్న పగడం కండ ఊడిపోతుంది, వెనక మూలన మడ్డి పేరుకుంటుంది. పంపు పెద్దది పెడితే ఈ రెండు బాధలూ పెరుగుతాయే తప్ప తగ్గవు.

అందుకే గొట్టం మూతి తిరగాలి. అమెరికాలో సీ స్విర్ల్ పేరుతో ఇలాంటిది తయారుచేశారు. దాని మూతి 90 డిగ్రీలు అటూ ఇటూ తిరుగుతుంది. డబ్బు పోసి తెప్పించుకోవచ్చు. లేదా ఛత్తీస్‌గఢ్ ఎండల్లో ఇంటింటా కనిపించే కూలర్ వైపు చూడొచ్చు. గాలిని అటూ ఇటూ పంచడానికి కూలర్ రెక్కలను ఆడించే స్వింగ్ మోటారు అరచేతిలో ఇమిడిపోతుంది. నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది. దానికి ఒక చిన్న చక్రం బిగించి, కేంద్రానికి రెండు సెంటీమీటర్ల దూరంలో కడ్డీ తగిలించి, ఆ కడ్డీ రెండో కొసను నిలువు గొట్టానికి అమర్చిన నాలుగు సెంటీమీటర్ల చేతికి కలిపితే చాలు. గొట్టం దాదాపు 60 డిగ్రీల మేర ఊగుతుంది. ఐదు చుట్ల మోటారైతే పోయి రావడానికి 12 సెకన్లు. అల లయకు అది మరీ దూరమేమీ కాదు.

కరిగిన ఇనుముకు దారులు తీసే పట్టణంలో నీటిని మళ్లించడం ఏపాటి పని అనిపించవచ్చు. చిక్కంతా కీలు దగ్గరే. పెద్ద గొట్టంలో చిన్న గొట్టం తిరగాలంటే కాస్త వదులుండాలి, వదులుంటే కారుతుంది. కారనివ్వడమే తెలివి. కీలును తొట్టె నీటిపైనే ఉంచితే కారింది తొట్టెలోనే పడుతుంది. చాలామంది దాన్ని బిగించాలని చూసి మోటారు పళ్లు అరగదీసుకుంటారు. నీటి ఒత్తిడికి లోపలి గొట్టం ఊడిరాకుండా ఒక అడ్డుపట్టీ కావాలి. మూతి కీలుకు సూటిగా ఎదురు దిశలో ఉండాలి. పక్కకు ఒరిగితే పచ్చికకు నీళ్లు చిమ్మే యంత్రంలా తనంతట తానే తిరగాలని చూస్తుంది, ఆ బరువంతా మోటారు మీద పడుతుంది. ఇత్తడి, రాగి ముక్క ఏదీ నీటిని తాకకూడదు. రాగి పగడాలకు విషం. మరలు నైలాన్‌వి వాడితే మేలు.

ఉప్పు నెమ్మదిగా తన పని తాను చేసుకుపోతుంది. కీలు చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది, ఓ రోజు గొట్టం ఆగిపోతుంది. అడ్డు తగిలితే ఇలాంటి మోటారు వెనక్కి తిరగడానికి ప్రయత్నిస్తుంది కాబట్టి బయటికి అంతా ఆడుతున్నట్టే కనిపించవచ్చు. వారానికోసారి విప్పి వెనిగర్‌లో కడగడం తప్ప మార్గం లేదు. 230 వోల్టుల మోటారును ఉప్పునీటి మీద వేలాడదీయడం మాత్రం సాహసం కాదు, మూర్ఖత్వం. 12 వోల్టుల మోటారు దొరికితే అదే వాడాలి. లేకుంటే మోటారును నీటి తుంపర తగలని చోట పెట్టి, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ తగిలించాలి. ఇంకో చిన్న చిల్లు కూడా మరవకూడదు. మూతి నీటిలో మునిగి ఉంటే, కరెంటు పోగానే తొట్టెలోని నీరు వెనక్కి కిందికి జారుతుంది. నీటి మట్టానికి కాస్త కింద గొట్టానికి చిల్లు పెడితే అక్కడ గాలి దూరి జారడం ఆగుతుంది. ఆ చిల్లూ ఉప్పుతో పూడిపోతుంది. ఆ సంగతి ఇల్లంతా తడిసినప్పుడే గుర్తొస్తుంది.

ఇంత శ్రమ ఎందుకనే ప్రశ్నకు ఒక జవాబు జపాన్ నుంచి వచ్చింది. 1998లో ఒకినావా పగడాలు వేడికి తెల్లబడ్డాయి. తర్వాత నకమురా, వాన్ వోసిక్ అనే శాస్త్రవేత్తలు పగడాలను వేడినీటిలో ఉంచి, కొన్నింటికి జోరైన ప్రవాహం, కొన్నింటికి నెమ్మదైన ప్రవాహం ఇచ్చారు. నెమ్మదైన నీటిలోనివే ఎక్కువగా చనిపోయాయి. ఆ ఫలితాలు 2001లో వెలువడ్డాయి. ఉతై మే నెల ఎండలో తొట్టె నీరు 30 డిగ్రీలు దాటడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు గొట్టం ఆగితే పగడానికి మిగిలే సమయం గంటల్లోనే లెక్క.

సరిగ్గా ఆ 2001లోనే రాతి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ. సముద్రం నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటామంటే కుదరదు. తొట్టె ముచ్చట చెప్పేవారిలో కొందరు ఈ మాట దగ్గర నసుగుతారు. గొట్టం చేయడంలో ఉన్న సరదా పగడం కొనడంలో లేదని ఒప్పుకోవడానికి వారికి మనసు రాదు. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించాక ఆ నసుగుడుకు తావు మరీ తగ్గింది.

ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి ఇచ్చిన నందిని గనులు దుర్గ్ జిల్లాలోవే. ఆ రాయి పగడాలింకా పుట్టని కాలంలో, ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్నది. ఇంటిని అలంకరించే రాతికి ఇక్కడ కొరత లేదు. అలాంటి రాళ్లు, నీళ్లు, ఉప్పు, తిరిగే గొట్టం. వీటితో ముందు ఒక నెల నడిపి చూడాలి, జంతువు ఒక్కటీ లేకుండా. కీలు ఎప్పుడు పట్టేస్తుందో, కరెంటు పోతే ఎన్ని లీటర్లు కిందికి జారుతుందో, పుస్తకంలో రాసుకోవాలి. ఆ నెల మే అయితే మరీ మంచిది. కాకపోతే మోటారు కూలర్‌లోంచి పీకింది కాకూడదు. ఇంట్లోవాళ్లు ఊరుకోరు.