విల్లిపుత్తూరు కొండమీద ఒక పూట

ధనుర్మాసములో ఒక ఆదివారమునాడు కోవిల్‌పట్టిలో తెల్లవారుజామున బయలుదేరి, సాత్తూరు, శివకాశి మీదుగా శ్రీవిల్లిపుత్తూరు చేరినాము. తాతయ్యగారు, అన్నగారు, వదినగారు, వారి పిల్లలిద్దరు, మా దంపతులము, మా అమ్మాయి, మొత్తము ఎనిమిదిమందిమి.

ముందుగా గోదాదేవి దర్శనము చేసికొని, వటపత్రశాయి కోవెల రాజగోపురమును తలెత్తి చూచినాము. పదకొండు అంతస్తులు, 192 అడుగుల ఎత్తు. ఈ తల్లి ధరించిన మాల ఏటేటా తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవకు వెళ్ళుచున్నదని చెప్పగా పిల్లలు సంతోషించినారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన పాలకోవాను సన్నిధి వీధిలో కొనిపెట్టగా మరింత సంతోషించినారు.

ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరమున ఒక చిన్న కొండ గలదు. దాని పేరు తిరువణ్ణామలై. అరుణాచలేశ్వరుడున్న ఊరు వేరు, ఇది వేరు. ఇక్కడ కొండపైన శ్రీనివాసుడు నిలిచియున్నాడు గనుక ‘తెన్ తిరుపతి’ అని కూడ పిలుస్తారు. పురట్టాసి శనివారములలో మెట్లమీద కాలు పెట్ట సందుండదు. మేము వెళ్ళిననాడు మాత్రము జనము పలుచగా ఉన్నారు. తాతయ్యగారు నాలుగు మెట్లకొకసారి ఆగుతూ, ఎవరి చేయీ పట్టుకోకుండా పైకి వచ్చినారు.

దర్శనమైన పిమ్మట గోడనీడను కూర్చున్నాము. పడమట కనుమలు నీలముగా నిలిచియున్నవి. ఆ అడవి 1988 నుండి బూడిదరంగు పెద్ద ఉడుతలకు అభయారణ్యము. 2021లో మేగమలైతో కలిపి పులుల రక్షితారణ్యముగా ప్రకటించినారు. తూర్పున కొబ్బరితోపులు, వానలకు నిండిన చెరువు, పచ్చని వరిమళ్ళు. వాటి నడుమ ఊరు, ఊరిమీద గోపురము.

తాతయ్యగారు చాలసేపు అటే చూచి, “ఇదేరా రాయలవారి విల్లిపుత్తూరు” అన్నారు. తరువాత పిల్లలకు బాతుల కథ చెప్పినారు. తెల్లవారుజామున కాలువలలో బాతులు ముక్కులు రెక్కలలో దూర్చుకొని నిద్రపోవుచున్నవట. స్నానమునకు వచ్చిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన బట్టలే అవి అనుకొని, తలవరులు తిరిగి ఇద్దామని నీళ్ళలోకి దిగినారట. బాతులు లేచి పారిపోగా, వరిచేలకు కావలి ఉన్న పడుచులు పకపక నవ్వినారట. పిల్లలూ నవ్వినారు. “ఎవరు రాసింది తాతా ఇది?” అన్నది మా అమ్మాయి.

ఈ ఊరి విష్ణుచిత్తుల కథను, గోదాదేవి కథను శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ అను పేర తెలుగున కావ్యము చేసినారు. 1509 నుండి 1529 వరకు ఏలిన చక్రవర్తి ఆయన. కృష్ణాతీరమున శ్రీకాకుళములో ఆంధ్రవిష్ణువు కలలో కనుపించి తెలుగులో వ్రాయుమన్నాడని కావ్యములోనే చెప్పుకొన్నారు.

అన్నగారు సంచిలోనుండి ఆ పుస్తకము తీసి తాతయ్యగారి చేతిలో పెట్టినారు. ఆయన దానిని కన్నుల కద్దుకొని మా అమ్మాయి కిచ్చినారు. అది తిప్పి చూచి, “నువ్వే చదువు తాతా” అన్నది.

“నాకు వినను వచ్చును, చెప్పను వచ్చును. చదవను రాదు తల్లీ.”

అప్పుడు మేము ఒకరి ముఖమొకరు చూచుకొన్నాము. మా కెవ్వరికీ రాదు. చిత్తూరు నుండి మా ఇంటికి కోడలై వచ్చిన వదినగారొక్కరే తెలుగు అక్షరములు నేర్చినవారు. ఆమె వెదకి ఆ పద్యము తీసి మెల్లగా చదువనారంభించినది. పెద్ద సమాసము వద్ద ఆగినప్పుడెల్ల తాతయ్యగారు కన్నులు మూసికొని తక్కిన మాట అందించినారు. వారి తండ్రిగారు చేనిగట్టున చెప్పగా విన్న పద్యమట అది.

మా పిల్లలు చదువరులు కారనుటకు వీలులేదు. కోవిల్‌పట్టి ప్రక్కనే ఉన్న ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ గారు 1976లో ‘గోపల్ల గ్రామం’ అను నవల వ్రాసినారు. మన పెద్దలు ఉత్తరమునుండి ఈ నల్లరేగడి నేలకు తరలివచ్చిన కథ అది. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. తమిళమున వ్రాసిన ఆ కథను మా పిల్లలు గడగడ చదివినారు. అందుకు మాకు గర్వమే. తమిళుల ఇంటి ఆడబిడ్డ కథను తెలుగురాజు తెలుగున వ్రాయగా, తెలుగువారి వలసకథను తెలుగుబిడ్డ తమిళమున వ్రాసినాడు. రెండూ మనవే. అయినను ఒకదానిని మాత్రమే మన పిల్లలు చదువగలరు. రెండవది తాతయ్యగారి నోటనున్నంత కాలమే మా ఇంట ఉండును.

దిగునప్పుడు ఎవ్వరును ఎక్కువ మాటలాడలేదు. చివరిమెట్టు వద్ద వదినగారే, “వచ్చే ఆదివారము నుండి మా ఇంటికి రండి, ఓనమాలు దిద్దిస్తాను” అన్నది.

నాలుగు వారములైనది. ఈ వ్యాసమును మేము నోట చెప్పగా వ్రాసినది ఆమెయే. మీరును విల్లిపుత్తూరు వెళ్ళినప్పుడు ఆ కొండ ఎక్కండి. ఇంటి పెద్దలను తప్పక తీసికొనిపొండి. వారికి వచ్చిన పద్య మేదైన ఉంటే అక్కడ చెప్పించుకొనండి.

మా ఇంట పిల్లలు ఇంకను గుణింతముల వద్దనే ఉన్నారు. తాతయ్యగారు మాత్రము ఒత్తులకు వచ్చినారు.