మెడ వాలిన దొర

మా వాడల కుక్కలకు పేర్లుండేటివి కావు. ఎర్రది, నల్లది, కుంటిది, అంతే. మనుషులనే పేరు పెట్టి పిలువని ఊర్లె కుక్కలకు పేర్లెక్కడియి? మా అయ్యకు డెబ్బై ఏండ్లొచ్చినా ఊర్లె పోరగాండ్లు సుత 'అరేయ్' అనే పిలిచిన్రు. అందుకేనేమో, చివరి కాలంల ఒక కుక్కపిల్లను తెచ్చుకొని దానికి 'దొర' అని పేరు పెట్టిండు. "దొరా, ఇటు రారా" అని ఆయన పిలుస్తుంటే వాడంత నవ్వేది. ఊర్లెకెళ్లి ఒక పెద్దమనిషి వచ్చి పేరు మార్చుమన్నడు. "నేను మారుస్త పటేలా, కుక్కకు ఎవలు చెప్పాలె?" అన్నడు అయ్య. 2014ల ఆయన పోయిండు. దొర అవ్వకు మిగిలింది.

శామీర్‌పేట పెద్దచెరువు, జింకల పార్కు చూడ వచ్చే పట్నపోళ్లకు రాజీవ్ రహదారి ఎనుకనున్న మా వాడ కనబడది. నేను మేడ్చల్‌ల కిరాయికి ఉంటున్న, మందుల కంపెనీల పని. 2023 మార్చిల ఒక తెల్లారి అవ్వ ఫోన్ చేసింది. "దొర పడిపోతున్నడు బిడ్డా. కండ్లు గిర్రగిర్ర తిరుగుతున్నయి."

నేను పోయి చూసేసరికి తల కుడిదిక్కు వాలింది. లేవబోతే అదే దిక్కు పడుతున్నది. ఎట్లనో లేస్తే ఉన్నచోటనే గుండ్రంగ తిరుగుతున్నది. గుడ్లు ఆగకుండ పక్కకు పక్కకు కొట్టుకుంటున్నయి. తిన్నదంత కక్కింది. పదమూడేండ్ల కుక్క.

దానికి నెల ముందే అంబర్‌పేటల నాలుగేండ్ల పిల్లగాణ్ని వీధికుక్కలు చంపినయి. ఆ పిల్లగాని తండ్రి వాచ్‌మన్. గోడలున్న బంగళాలల్ల పిల్లలకు ఆ చావు రాదు, మా అసొంటోళ్ల పిల్లలకే వస్తది. కాబట్టి వాడల జనం భయపడుడు నేను తప్పు పట్టను. "పిచ్చి లేసింది" అన్నరు. నలుగురు కట్టెలు పట్టుకొని వచ్చిన్రు. అవ్వ గడపకు అడ్డం కూసున్నది. "ఈ కట్టెలు ఊరోళ్ల మీదికి ఒక్కనాడన్న లేసినయారా?" అని అడిగింది. వాళ్లు జవాబు చెప్పలె. పోనూలేదు.

రెండు ఆటోలు కుక్కను చూసి ఆగకుండ పోయినయి. మూడోది మా వాడ పోరగానిది. ముందు పోయిన దవఖానల పెద్ద డాక్టరు బల్ల మీద సుత పెట్టనియ్యలె. "ఊరకుక్కనా?" అన్నడు. మమ్ములను కిందికి మీదికి చూసిండు. పక్షవాతమని, ముసల్దని, నిద్రపుచ్చే సూది వేద్దామని చెప్పిండు. అవ్వ కుక్కను కొంగుల చుట్టుకొని బయటికి నడిచింది.

ఇంకోచోట ఒక చిన్న వయసు డాక్టరమ్మ కింద కూసొని చూసింది. ఏటేటా పిచ్చికుక్క టీకా వేయించిన కార్డు అడిగింది, చూపిచ్చిన. చెవులల్ల లైటు వేసి చీము ఉన్నదా అని వెతికింది. నీళ్లు తాగుతున్నదా, గొంతు మారిందా అని అడిగింది. ఇది పిచ్చీ కాదు, పక్షవాతమూ కాదన్నది. చెవి లోపల మూడు సన్న గొట్టాలుంటయి, వాటిల్ల నీరు ఉంటది. తల కదిలితే ఆ నీరు కదిలి మెదడుకు కబురు పోతది. ఒక దిక్కు కబురు తప్పితే, కదలకున్నా తల తిరుగుతున్నదని మెదడు అనుకుంటది. కండ్లు దాని ఎంబడి ఉరుకుతయి. ముసలి కుక్కలకు ఏ కారణం దొరకకుండనే ఇట్ల వస్తదట. పేరు వెస్టిబ్యులర్ జబ్బు. కక్కుడు ఆగనీకి సూది వేసి, సెలైన్ ఎక్కిచ్చింది. మూడు రోజులల్ల తగ్గుమొకం పట్టకపోతే రాజేంద్రనగర్ పశువైద్య కాలేజీకి తీసుకపొమ్మన్నది.

అవ్వ అంత విని, "చెవి ఎనుక బొక్కలనా అమ్మా? అది రాయి లెక్కుంటది" అన్నది. డాక్టరమ్మ తలెత్తి, "అవును, ఒంట్ల అన్నిటికంటె గట్టి బొక్కలల్ల అదొకటి. మీకెట్ల తెలుసు?" అని అడిగింది. ఎట్ల తెలుసంటే, చచ్చిన గొడ్డు తోలు తీసుడు మా ఇంటి పని. అయ్య ఏ కీలు ఎక్కడ విడుతదో చీకట్ల చెప్పేటోడు. ఆ తోలుతోని ఊరందరికి చెప్పులు, మోటకు తొండం కుట్టిండు. దాన్ని విద్య అని ఏ బడిపుస్తకంల రాయలె. ఆ పూట ఒక డాక్టరు అవ్వను 'మీకెట్ల తెలుసు' అని అడిగింది. అవ్వ ఆటోల ఆ మాట నాలుగుసార్లు చెప్పింది.

మేడ్చల్‌కు తీసుకపోదామంటే ఇంటి ఓనరు ఒప్పుకోలె. కులం అడిగి ఇల్లిచ్చినాయిన కుక్కను ఏం రానిస్తడు! వచ్చినా ఆ నున్నటి టైల్స్ మీద కాలు నిలువది. వాడల గరుకు నేలనే మేలైంది. నేను డ్యూటీ దిగి రోజూ శామీర్‌పేట పోయిన. గోనెసంచులు పరిచి గంటగంటకు పక్క మార్చినం. పాతచీర కడుపు కిందికెళ్లి వేసి, ఇద్దరం చెరొక కొస పట్టి బయటికి నడిపిచ్చినం. ఎత్తుకొని తిప్పొద్దు, కాలు నేలకు తగలాలె, మెదడు మళ్ల నేర్చుకుంటదని డాక్టరమ్మ చెప్పింది. రాత్రి లైటు ఆర్పలె. చెవి మోసం చేసినప్పుడు కండ్లే దిక్కు. అవ్వ దోసిట్ల గంజి పట్టి తాపేది.

కుక్క కంటె హీనంగ చూసిన్రని రాసే మనం కుక్క మీద రాసుడేందని ఒక మిత్రుడు అడిగిండు. మహాద్ చెరువుల పశువులు తాగే నీళ్లు మనుషులు తాగనీకి 1927 మార్చి 20న అంబేద్కర్ నడవాల్సి వచ్చింది. నాకు తెలుసు. కాని ఆ చెరువుకు కాపలా పెట్టింది కుక్క కాదు. అది మా చిప్పలనే తాగింది.

నాలుగో రోజు గుడ్ల కొట్టుకునుడు తగ్గింది. వారానికి గోడ ఆనుకొని నిలబడ్డది. మూడు వారాలకు ఒక్కతే వేపచెట్టు దాక పోయి వచ్చింది. తల మాత్రం కొంచెం కుడిదిక్కే ఉండిపోయింది. 2024 వానకాలంల పోయేదాక అట్లనే ఉన్నది.

కట్టెలు పట్టుకొచ్చిన నలుగుర్ల ఒకడు మొన్న తన ముసలి కుక్క తల వాల్చిందని అవ్వ కాడికి వచ్చిండు. "టీకాలు ఏపిచ్చినవా?" అని అడిగింది ముందు. ఏపిచ్చిన అన్నడు. "అయితే డాక్టరుకు చెవి చూపియ్యి. రాత్రి లైటు ఆర్పకు" అని చెప్పి, చీర ఇంకా ఉంటే తెచ్చియ్యమని నాకు సైగ చేసింది.