గ్రంథాలయమునకు రాని చదువరి

వంటకు బియ్యము కొలుచునపుడు పంక్తిలో గూర్చున్నవారిని మాత్రమే లెక్కించిన చాలదు. పొలమునుండి ప్రొద్దుపోయి వచ్చువారిని, వెనుక దినువారిని గూడ లెక్కింపవలయును. ఈ లెక్క తప్పిన యింట నెవరో యొకరు పస్తుండుట తప్పదు. ఆ పస్తు తఱచుగా ఇల్లాలిదే. గ్రంథాలయములను నడపుటయందును ఈ లెక్కయే ముఖ్యమని మా యనుభవమువలన మాకు తోచినది.

కొన్ని యేండ్ల క్రిందట మా యూరి శాఖాగ్రంథాలయమున క్రొత్త పుస్తకములు కొనుటకు జాబితా సిద్ధమగుచున్నదని విని, మా వీధి స్త్రీలము నలుగురము పోయి గ్రంథపాలకుని జూచితిమి. జాబితాలో ఉద్యోగపరీక్షల పుస్తకములే నిండియుండెను. ఆయన మర్యాదస్థుడు. పుస్తకము లెరవిచ్చు రిజిష్టరును మా ముందుంచి, “అమ్మా, ఇందు స్త్రీల పేర్లు పట్టుమని పది లేవు. మీరు చదువుదురని పైవారికి నేనేమని వ్రాయుదును?” అనెను.

మేమా పుటలను త్రిప్పితిమి. పదుమూడేండ్ల బాలుడొకడు బాలింతల పథ్యమును గూర్చియు, పెరటి కూరగాయలను గూర్చియు పుస్తకములు గొనిపోయెను; నవలలకు లెక్కయే లేదు! మేము నవ్వితిమి, గ్రంథపాలకుడును నవ్వెను. వానిని చదివినది ఆ బాలుని తల్లియు, నాయనమ్మయు. మధ్యాహ్నము పనులు తీరి వారికి తీరిక చిక్కువేళకు గ్రంథాలయము మూయబడియుండును. సాయంకాలము తెఱచునప్పటికి వీరు పొయ్యి వెలిగింపవలయును. కావున బాలుడు తెచ్చును, స్త్రీలు చదువుదురు, పేరు మాత్రము వానిది. ఆ పేరును జూచియే రాబోవు యేటి పుస్తకములు నిర్ణయమగును!

మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులై యుండిన రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయశాస్త్రమునకు ఐదు సూత్రములను ప్రకటించిరి. పుస్తకము వినియోగమునకే యనియు, ప్రతి చదువరికి తగిన పుస్తకమును, ప్రతి పుస్తకమునకు తగిన చదువరియు దొరకవలయుననియు, చదువరి కాలము వృథా కారాదనియు, గ్రంథాలయము ఎదుగుచుండు ప్రాణి వంటిదనియు వాని సారము. పుస్తకముల యెన్నిక, వర్గీకరణము, బీరువాల యమరిక, తెఱచు వేళలు – అన్నియు వీనిననుసరించి యుండవలసినవే. వేళ కుదరక చదువరి రాలేనిచో, పుస్తకములెన్ని యున్నను ఆ సూత్రములు నెఱవేఱినట్లు గాదు.

రాలేని చదువరిని మన పెద్దలు మఱవలేదు. 1914లో బెజవాడలో మొదటి గ్రంథాలయ మహాసభను సమకూర్చిన అయ్యంకి వెంకటరమణయ్యగారి కాలముననే, 1935లో, పెదవడ్లపూడి కొల్లూరుల నడుమ కాలువమీద గ్రంథాలయమొకటి పడవలో సాగెను. చదువరి రాలేనిచోటికి పుస్తకమే పోయెను.

మఱియొక సంగతి. గ్రంథాలయములను పోషించు సెస్సు ఇంటిపన్నుతో గూడ మన యిండ్లనుండియే వసూలగుచున్నది. ఇంటివారందఱి సొమ్ముతో నడచుదానియందు ఇల్లాలికి భాగము లేదనువారెవరు?

మేము గ్రంథపాలకుని మూడు కోరితిమి. ఎరవు రిజిష్టరులో పుస్తకము ఎవరు చదువుటకో తెలుపు గడి యొకటి గీయుట. పాఠకులు తమకు వలసిన గ్రంథముల పేర్లు వ్రాయుటకు సూచనల పుస్తకముంచుట. ముప్పది పుస్తకములను మా వీధిలో నొక యింట నుంచి పక్షమునకొకసారి మార్చుట. మొదటి రెండును ఆయన ఆనాడే చేసెను. మూడవదానికి పైవారి యనుమతి రావలసి, నాలుగు మాసములు పట్టెను. గ్రంథాలయపు వేళలు మాత్రము నేటికిని మాఱలేదు. దానికై యడుగుచునే యున్నాము.

ఈలోపల మేమొక్కొక్కరము ధరావతు చెల్లించి మా పేరనే సభ్యులమైతిమి. ఆ బాలుని నాయనమ్మ డెబ్బది యేండ్ల వయస్సున తన పేరు తానే వ్రాసి, ఇంటిపేరు మఱల సరిచూచుకొని, కలమును క్రింద బెట్టెను. మరుసటి యేటి జాబితాలో ఆమె కోరిన వైద్యగ్రంథమును, రెండు నవలలును చేరినవి.

సోదరీమణులారా! మీ యూరి గ్రంథాలయములో మీ పేరున్నదా? లేనిచో ఈ వారముననే చేరుడు. కుమారుని చేత పుస్తకము తెప్పించుకొనుటలో తప్పులేదు. కాని అది మీ పేరనే రావలయును. మీకు కావలసిన గ్రంథము పేరు సూచనల పుస్తకములో వ్రాయుడు. రిజిష్టరులో కనబడని చదువరికొఱకు ఎవరును పుస్తకము కొనరు.