చాన్ గారి దాయాదులు

హాంకాంగ్‌లో చాన్. సింగపూర్‌లో తాన్. బీజింగ్‌లో చెన్, కొరియాలో జిన్, వియత్నాంలో ట్రాన్. ఉచ్చారణ ఇంత మారినా చైనా లిపిలో ఇవన్నీ ఒకే అక్షరం, ఒకే ఇంటిపేరు.

మూడు వేల ఏళ్ల కిందట జౌ వంశపు వూ రాజు, నేటి హెనాన్ రాష్ట్రంలోని హువైయాంగ్ దగ్గర, షున్ చక్రవర్తి సంతతివాడని చెప్పే ఒకాయనకు చెన్ అనే చిన్న రాజ్యం ఇచ్చాడు. కొన్ని శతాబ్దాలకు చూ రాజ్యం దాన్ని మింగేసింది. నేల పోయినవాళ్లు దాని పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. ఊరి పేర్లే ఇంటిపేర్లయిన మనకు ఆ మమకారం తేలిగ్గానే అర్థమవుతుంది.

మరి చాన్ ఎక్కడ, తాన్ ఎక్కడ? ఆ పేరు మొదటి ధ్వనిని ప్రాచీన చైనీయులు దకారానికి దగ్గరగా పలికేవారు. చైనాలోని ఫూజియన్ తీరపు భాషలు తొందరగా వేరుపడి దాన్ని తకారంగా నిలుపుకున్నాయి. కాంటన్ వైపు అది చకారమైంది. తేయాకుకూ ఇదే జరిగింది. ఫూజియన్‌వాళ్ల ‘తె’ డచ్చి ఓడలెక్కి టీ అయింది, ‘చా’ నేల దారిన నడిచి చాయ్ అయింది. మన హోటళ్లలో రోజూ వినబడే ఆ రెండు మాటలకున్న చుట్టరికమే తాన్‌కీ చాన్‌కీ ఉంది.

ఇంగ్లీషు అక్షరాలను నమ్ముకుంటే మాత్రం మోసపోతాం. శాంతినికేతన్‌లో చీనాభవన్ స్థాపించిన తాన్ యున్‌షాన్ ఈ తాన్ కాదు. ఆయనది వేరే ఇంటిపేరు, కాంటన్ భాషలో తామ్.

మళ్లీ మన ఇంటిపేరుకే వస్తే, వియత్నాంలో ట్రాన్ వంశం 1225 నుంచి 1400 దాకా ఏలింది, మంగోలులను మూడుసార్లు తరిమికొట్టింది. కాంటన్ నగరంలో 72 తాలూకాల చాన్ కుటుంబాలు చందాలు వేసుకుని కట్టుకున్న పితృమందిరం 1894లో పూర్తయింది, ఇప్పుడది మ్యూజియం.

ఇండోనేషియా కథ వేరు, నన్ను బాగా కదిలించేదీ అదే. 1966 తర్వాత అక్కడి ప్రభుత్వం చైనీయులను స్థానిక పేర్లు పెట్టుకోమని ఒత్తిడి చేసింది. చాలామంది తాన్‌లు తనోతో, సుతాంతో లాంటి పేర్లు ఎంచుకుని వాటి లోపల తాన్‌ను దాచుకున్నారు. మనుషుల చేత తాతల పేరు దాచిపెట్టించడం అన్యాయం, ఏ దేశం చేసినా.

సింగపూర్‌లో తాన్‌లతో, అమెరికాలో ట్రాన్‌లతో కలిసి పనిచేస్తున్న తెలుగువాళ్లు ఎందరో. వాళ్ల ఇంటిపేరు కథ అడగండి. మీదేమిటని వాళ్లు అడిగితే చెప్పడానికి, మీ పెద్దవాళ్లను ఇప్పుడే అడిగి తెలుసుకోండి.